పొయ్యి పక్కన బుట్ట: కెనడాలో ఇంటి కాన్పుల కథ

పోయిన ఎపిసోడ్ ఆస్పత్రి బిల్లుల మీద చేశాం కదా, అది విని కాల్గరీ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఇక్కడ ఇంట్లనే కాన్పు చేసుకోవచ్చంటున్నరు, నిజమేనా? పోలీసులు రారా?" అని. విన్నప్పుడు నవ్వొచ్చింది గానీ, ఆ భయం ఉత్తదేం కాదు. వాంకూవర్‌లో 1985లో ఇంటి దగ్గర జరిగిన ఒక కాన్పులో బిడ్డ దక్కలేదని ఇద్దరు మిడ్‌వైఫ్‌ల మీద క్రిమినల్ కేసు పెట్టారు. అది సుప్రీం కోర్టు దాకా వెళ్ళి, 1991లో గానీ వాళ్ళు బయటపడలేదు. ఇప్పుడు అదే పనికి చాలా రాష్ట్రాల్లో సర్కారే జీతమిస్తోంది. మధ్యలో ఏం జరిగిందో ఈ వారం ఎపిసోడ్‌లో కొంత చెప్పాను, టైమ్ చాలక వదిలేసింది ఇక్కడ రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. ఐటీఐ చేసి, దుబాయ్‌లో షట్టరింగ్ పనితో మొదలుపెట్టి, ఇప్పుడు బ్రాంప్టన్ చుట్టుపక్కల సైట్లలో సూపర్‌వైజర్‌గా ఉన్నవాణ్ణి. చరిత్ర చదివే పిచ్చి, మా ఇంట్లో జరిగిన ఒక కాన్పు. ఈ రెండే నా అర్హత.

టొరంటో నుంచి ఉత్తరంగా ఓ 350 కిలోమీటర్లు పోతే నార్త్ బే వస్తుంది. ఒక పని మీద అక్కడికి వెళ్ళినప్పుడు ఒక చిన్న దుంగల ఇల్లు చూశాను. ఇప్పుడది మ్యూజియం. ఇల్లు మొదట్లో అక్కడ లేదు, దగ్గర్లోని కొర్బీల్ అనే పల్లె నుంచి తరలించి తెచ్చారు. 1934 మే 28 తెల్లవారుజామున ఆ ఇంట్లోనే ఎల్జీర్ డియోన్ అనే రైతు భార్య కాన్పయింది. నెలలు నిండలేదు, ఇంకా రెండు నెలల టైముంది. ఇంట్లో కరెంటు లేదు. అప్పటికే ఐదుగురు పిల్లలు. భర్త ఒలివా అర్ధరాత్రి పరుగెత్తి ఇద్దరు ఆడవాళ్ళను పిలుచుకొచ్చాడు. ఒకామె చుట్టం, డొనాల్డా లెగ్రో. రెండో ఆమె మేడమ్ లెబెల్. ఇద్దరూ ఆ చుట్టుపక్కల పురుళ్ళు పోసే మంత్రసానులే. డాక్టర్ అలన్ రాయ్ డాఫో వచ్చేసరికి ఇద్దరు పిల్లలు బయటికొచ్చేశారు. తర్వాత ఇంకో ముగ్గురు. ఐదుగురూ ఆడపిల్లలే. అందరినీ కలిపి తూస్తే 13 పౌండ్ల 6 ఔన్సులు, అంటే సుమారు 6 కిలోలు. మామూలుగా అది ఇద్దరు పిల్లల బరువు.

ఆ పసిగుడ్లను పాత గుడ్డల్లో చుట్టి, పక్కింటి నుంచి తెచ్చిన వెదురు బుట్టలాంటి దాంట్లో పెట్టి, వంటింట్లో పొయ్యి తలుపు తెరిచి ఆ వేడి తగిలేలా ఉంచారు. ఒక్కొక్కరిని తీసి ఆలివ్ నూనెతో ఒళ్ళు రుద్దారు. రెండు గంటలకోసారి తీపి కలిపిన గోరువెచ్చని నీళ్ళు చుక్కలు చుక్కలుగా పోశారు. ఐదుగురూ బతికారు. ఒకే కాన్పులో ఐదుగురు పుట్టి, ఐదుగురూ పసితనం దాటడం అప్పటికి లోకానికి తెలిసినంతలో అదే మొదటిసారి.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలుసు. ఒంటారియో సర్కారు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తీసుకుంది. రోడ్డుకు అటువైపు వేరే బిల్డింగ్ కట్టి, అద్దాల వెనక నుంచి జనానికి చూపించింది. దాదాపు ముప్పై లక్షల మంది వచ్చి చూశారని లెక్క. డాక్టర్ డాఫోకు ప్రపంచమంతా పేరొచ్చింది, ప్రకటనల డబ్బు కూడా వచ్చింది. ఆయన పని తక్కువదని నేననను. కానీ డొనాల్డా, మేడమ్ లెబెల్ పేర్లు ఎవరికి గుర్తున్నాయి? బిల్డింగ్ ఓపెనింగ్ రోజు రిబ్బన్ దగ్గర ఎవరుంటారో, కాంక్రీటు పోసినవాళ్ళు ఎక్కడుంటారో మనకు తెలియంది కాదు.

ఆ రోజుల్లో ఇంట్లో కనడం వింతేం కాదు. 1926లో కెనడాలో నూటికి 18 కాన్పులు కూడా ఆస్పత్రిలో జరగలేదు. 1950కి ముప్పావు వంతు, 1960 నాటికి నూటికి 95 దాకా ఆస్పత్రికి చేరాయి. ఒక తరంలోనే అంతా మారిపోయింది. దానికి కారణాలున్నాయి. డాక్టర్ హెలెన్ మెక్‌మర్చీ అనే ఆవిడ సర్కారు కోసం 1928లో బాలింతల చావుల మీద రిపోర్టు ఇచ్చింది. వెయ్యి కాన్పులకు సుమారు ఆరుగురు తల్లులు పోతున్నారని తేలింది. ఆ తర్వాత సల్ఫా మందులొచ్చాయి, రక్తం ఎక్కించడం వచ్చింది, యాంటీబయాటిక్స్ వచ్చాయి. 1957లో ఆస్పత్రి ఇన్సూరెన్స్ చట్టం చేశారు, ఒంటారియోలో అది 1959 నుంచి అమలైంది. ఆస్పత్రి మంచానికి జేబులోంచి డబ్బు కట్టక్కర్లేదంటే ఇంట్లో ఎవరు కంటారు?

కాబట్టి 'పాతకాలం బంగారం, అంతా సహజం' అనేవాళ్ళ మాట నేను నమ్మను. ఎందుకు నమ్మనో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

రెండేళ్ళ కింద మా చెల్లె స్టడీ పర్మిట్ మీద ఇక్కడ చదువుకుంటూ, లగ్గానికి ఇంటికి పోయొచ్చాక నెల తప్పింది. బావ వీసా ఇంకా రాలేదు, ఆయన జగిత్యాలలోనే ఉన్నాడు. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి, అది మన పద్ధతి. ఇక్కడ తల్లిగారిల్లంటే నా ఇల్లే. ఆమె ఇన్సూరెన్స్‌లో కాన్పు ఖర్చు దాదాపు రాదని తేలింది. ఒక ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌కు ఫోన్ చేస్తే, ముందు వేల డాలర్ల డిపాజిట్ కట్టాకే మిగతా మాట అన్నారు. అప్పుడే తెలిసింది, ఒంటారియోలో మిడ్‌వైఫ్ సేవకు హెల్త్ కార్డు లేకపోయినా డబ్బు అడగరని. ఇక్కడ నివాసముంటే చాలు. మిడ్‌వైఫ్ అన్ని రకాలుగా చూసి, ఇది రిస్కు లేని గర్భమే, ఇంట్లో కావాలా ఆస్పత్రిలో కావాలా నువ్వే చెప్పు అంది. చెల్లె ఇంట్లోనే అంది.

ఆ మాట అమ్మకు ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకంటె ముందు నాకొక బిడ్డ పుట్టింది, నీకు ఎర్కనా?" అంది. నాకు సగమే తెలుసు. 1979లో అమ్మ తొలి కాన్పు. రెండు రోజులు నొప్పులు. మా ఊరి మంత్రసాని రెండో రోజు పొద్దుగూకేసరికే తేల్చి చెప్పిందట, "ఇది నా చేతిల లేదు, జగిత్యాలకు తోల్కపోండ్రి" అని. ఇంట్లో మగవాళ్ళు బయట కూర్చుని మాట్లాడుకున్నారు. బండి ఎవరిది, డబ్బులెన్ని, ఈ రాత్రి ఎందుకు, తెల్లారి మొదటి బస్సుకు పోదాం. తెల్లారి పోయారు. అమ్మ దక్కింది, బిడ్డ దక్కలేదు. తర్వాత ఊరంతా మంత్రసానినే తిట్టింది.

"ఆమె మంచిగనే చెప్పింది బిడ్డా," అంది అమ్మ. "ఎవలు ఇన్నరు?"

ఆమె పేరేంటమ్మా అని అడిగాను. గుర్తులేదంది. అందరూ మంత్రసాని అనే పిలిచేవాళ్ళట. పురుడు పోయడానికి నడింట్లోకి రానిచ్చేవాళ్ళు. బొడ్డు కోశాక, మాయ పూడ్చాక, బియ్యం, పాత చీర తీసుకుని గడప బయట నిలబడాల్సిందే. ఆమె కులం అది. మేడమ్ లెబెల్‌నైతే వంటింట్లోంచి బయటికి పొమ్మని ఎవరూ అనలేదు, తర్వాత మర్చిపోయారంతే. మా ఊర్లో ఆ మంత్రసానికి బతికుండగానే రెండూ జరిగాయి.

తర్వాత చదివితే తెలిసింది, అమ్మ చెప్పినదానికి ఒక లెక్క ఉంది. 1994లో సెరీన్ థాడియస్, డెబొరా మైన్ అనే ఇద్దరు పరిశోధకులు కాన్పు చావుల వెనక మూడు ఆలస్యాలు ఉంటాయని రాశారు. పోవాలా వద్దా తేల్చుకోవడంలో ఆలస్యం, ఆస్పత్రి దాకా చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మా అక్క విషయంలో మొదటి ఆలస్యం బయట అరుగు మీద కూర్చుని ఉంది. రెండోది బస్సు టైమ్. మంత్రసాని ఈ మూడింట్లో ఎక్కడా లేదు.

సరే, కెనడాకు వస్తాను. కాన్పులు ఆస్పత్రికి చేరాక ఇక్కడి మంత్రసానులు చట్టం లెక్కలో లేనివాళ్ళయ్యారు. పూర్తిగా నేరమూ కాదు, అనుమతీ లేదు. 1897లో లేడీ అబర్డీన్ ఊరూరా తిరిగే నర్సుల సంస్థ, విక్టోరియన్ ఆర్డర్ ఆఫ్ నర్సెస్, పెట్టినప్పుడే వాళ్ళు పురుళ్ళు కూడా పోయాలన్న ఆలోచనకు డాక్టర్లు ఒప్పుకోలేదు. 1970ల్లో కొందరు ఆడవాళ్ళు మళ్ళీ ఇంట్లో కంటామన్నారు, కొందరు మిడ్‌వైఫ్‌లు చాటుమాటుగా సాయం చేశారు. 1985లో టొరంటోలో, ఇంట్లో పుట్టిన ఒక బిడ్డ చనిపోవడం మీద విచారణ జరిగింది. అందరూ ఇక మిడ్‌వైఫ్‌ల పని అయిపోయిందనుకున్నారు. జ్యూరీ మాత్రం ఉల్టా చెప్పింది: వీళ్ళను చట్టంలోకి తెండి, శిక్షణ ఇవ్వండి, ఆస్పత్రులతో కలపండి అని. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. సైట్‌లో ఎవరైనా పడితే రెండు దారులుంటాయి. ఎత్తులో పనే బంద్ చేయొచ్చు, లేదా పరంజా సరిగ్గా కట్టించి, బెల్టులిచ్చి, ట్రైనింగ్ పెట్టొచ్చు. మా ఊరు మొదటి దారికి పోయింది, ఆ జ్యూరీ రెండోది పట్టుకుంది.

1987లో లాయర్ మేరీ ఎబర్ట్స్ నాయకత్వంలోని కమిటీ రిపోర్టు ఇచ్చింది. 1991లో ఒంటారియో మిడ్‌వైఫరీ చట్టం చేసింది, 1993 డిసెంబర్ 31న అది అమల్లోకొచ్చింది. కెనడాలో అలా చట్టమూ చేసి జీతమూ ఇచ్చిన మొదటి రాష్ట్రం ఇదే. మొదట్లో వందమంది మిడ్‌వైఫ్‌లు కూడా లేరు, ఇప్పుడు వెయ్యికి పైనే. జీతం దగ్గర మాత్రం కొట్లాట తప్పలేదు. ఎక్కువమంది ఆడవాళ్ళే చేసే పని కాబట్టి తక్కువ ఇస్తున్నారని కేసు వేస్తే, 2018లో మానవ హక్కుల ట్రిబ్యునల్ వాళ్ళ వైపు తీర్పిచ్చింది, 2022లో అప్పీల్ కోర్టు కూడా దాన్ని నిలబెట్టింది.

ఇంకో ముక్క. ఉత్తరాన ఇన్యూట్ జనం ఊళ్ళలో గర్భిణులను కాన్పుకు వారాల ముందే విమానం ఎక్కించి దక్షిణాది ఆస్పత్రులకు పంపే పద్ధతి పెట్టారు. భాష రాని చోట, మొగుడు, తల్లి ఎవరూ పక్కన లేకుండా ఒంటరిగా కనాలి. గల్ఫ్‌లో ఉన్నప్పుడు మీలో ఎంతమంది బిడ్డ పుట్టిన వార్త ఫోన్‌లో విన్నారో నాకు తెలుసు. ఇక్కడ తల్లే దూరదేశంలో ఉండేది, ఇంటివాళ్ళు ఫోన్ కోసం చూసేవాళ్ళు. క్యూబెక్ ఉత్తరాన పువిర్నిటుక్ అనే ఊరి ఆడవాళ్ళు దీన్ని ఎదిరించి, 1986లో సొంత ఊర్లోనే కాన్పు కేంద్రం తెచ్చుకున్నారు. అక్కడి ఆడవాళ్ళకే మిడ్‌వైఫ్ పని నేర్పారు.

ఇక సేఫ్టీ. ఒంటారియోలో 2006 నుంచి 2009 వరకు, ఇంట్లో కనాలని ముందే అనుకున్న 11,493 కాన్పులను, అలాంటి తల్లులవే అన్ని ఆస్పత్రి కాన్పులతో పోల్చి ఐలీన్ హటన్ బృందం 2016లో ఫలితాలు ఇచ్చింది. బిడ్డల చావుల్లో, తీవ్రమైన ఇబ్బందుల్లో తేడా కనపడలేదు. కానీ దీన్ని తప్పుగా చదవొద్దు. ఇవి రిస్కు తక్కువున్న గర్భాలు. శిక్షణ ఉన్న మిడ్‌వైఫ్‌లు, ఆక్సిజన్, రక్తస్రావం ఆపే ఇంజెక్షన్, బిడ్డకు ఊపిరి అందించే సామాను, వెనకాల తలుపు తెరిచి ఉంచిన ఆస్పత్రి. ఆ ఇంటి కాన్పుల్లో నాలుగింట ఒక వంతు చివరికి ఆస్పత్రిలోనే జరిగాయి. తొలి కాన్పుల్లో ఇంకా ఎక్కువ. వాళ్ళు అలా వెళ్ళిపోయారు కాబట్టే లెక్క బాగుంది.

అందుకే మా ఇంట్లో నేను చేసిన పనంతా ఆ వెళ్ళిపోవడం గురించే. చెల్లె బేస్‌మెంట్‌లో ఉండేది. మెట్ల మలుపు దగ్గర టేపు పెట్టి కొలిచాను, స్ట్రెచర్ తిరగదు. దాంతో మా బెడ్‌రూమ్ ఖాళీ చేసి పైకి తెచ్చాం. ఫిబ్రవరి నెల, డ్రైవ్‌వే మీద మంచు రోజూ రెండు పూటలా తీసి ఉప్పు చల్లాను. ఇంటి నంబరు రాత్రి కూడా కనపడేలా లైటు పెట్టాను. కారు ట్యాంకు సగం కిందికి పోనివ్వలేదు. సైట్ నుంచి ఎల్ఈడీ వర్క్‌లైటు తెస్తే మిడ్‌వైఫ్ నవ్వి, ఇది బిడ్డను భయపెడుతుందని గోడవైపు తిప్పింది.

వీటన్నిటికంటే ముఖ్యం ఒక మాట. ఎనిమిదో నెలలోనే చెల్లెను కూర్చోబెట్టి, మా ఆవిడ ముందే చెప్పాను. "వాళ్ళు ఆస్పత్రికి పోదామంటే పోవుడే. బిల్లు ఎంతన్న గానీ, అది నా పని. ఆ రాత్రి పైసల ముచ్చట ఈ ఇంట్ల ఎవలూ ఎత్తద్దు." చెల్లె, "నువ్వు అప్పు చేస్తవ్ అన్నా," అంది. చేస్తా అన్నాను. మిడ్‌వైఫ్‌కు కూడా ఇదే ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఫైల్‌లో రాసుకుంది. బావకు వీడియో కాల్‌లో చెప్తే, "సరే బావా" అని తల వంచుకున్నాడు.

నొప్పులు రాత్రి తొమ్మిదికి మొదలయ్యాయి. లోపల మా ఆవిడ, ఇద్దరు మిడ్‌వైఫ్‌లు. నేను వంటింట్లోనే ఉన్నాను. అన్న లోపలికి పోయే పద్ధతి మనకు లేదు, చెల్లె కూడా పిలవలేదు. నీళ్ళు కాచాను, టవళ్ళు డ్రయ్యర్‌లో వేడి చేసి తలుపు సందులోంచి అందించాను, టీ పెట్టాను. అమ్మ వాట్సాప్‌లో లైన్ మీదే ఉంది, మాట్లాడకుండా. నాలుగు దాటాక ఏడుపు వినపడింది. మాయ పడటం కొంచెం ఆలస్యమైంది, రక్తం వాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువ పోయింది. ఇంజెక్షన్ ఇచ్చారు. చిన్న మిడ్‌వైఫ్ తలుపు తీసి, "కారు వేడి చేసి ఉంచండి, అక్కర పడకపోవచ్చు," అంది. వెళ్ళి స్టార్ట్ చేసి అందులోనే కూర్చున్నాను, ఫోన్‌లో అమ్మతో. ఇరవై నిమిషాలు. ఇద్దరం ఒక్క ముక్క మాట్లాడలేదు. తర్వాత మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి చేత్తో బండి ఆపమని సైగ చేసింది.

ఆడపిల్ల, మూడు కిలోల రెండొందలు. మొదటి వారంలో మిడ్‌వైఫ్‌లే మూడుసార్లు ఇంటికొచ్చి చూసిపోయారు. అమ్మ ఇప్పటికీ, ఇంట్లో కనడం మంచి పని అనదు. "మీకు పైన దేవుడు, పక్కన ఆస్పత్రి ఉన్నది," అంటుంది.

మన దగ్గర ఏం జరిగిందంటే, 1992-93 సర్వేలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతు కాన్పులే ఆస్పత్రిలో జరిగాయి. 2019-21 సర్వేలో తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5. అది చిన్న విషయం కాదు, మా అక్కలాంటివాళ్ళు ఎంతోమంది బతికారు. అదే సర్వేలో తెలంగాణలో నూటికి 60కి పైగా కోత కాన్పులని కూడా ఉంది. ఊరి మంత్రసానులు కనుమరుగయ్యారు. 2017 నుంచి తెలంగాణ సర్కారు నర్సులకు మిడ్‌వైఫరీ ట్రైనింగ్ మొదలుపెట్టింది, ప్రసవాలు ఆస్పత్రిలోనే.

కాల్గరీ తమ్ముడికి జవాబు: పోలీసులు రారు. అల్బర్టాలో మిడ్‌వైఫ్ సేవలకు 2009 నుంచి సర్కారే డబ్బిస్తోంది, బ్రిటిష్ కొలంబియాలో 1998 నుంచి. హెల్త్ కార్డు లేనివాళ్ళకు రూల్స్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి, నేను చెప్పింది ఒంటారియో సంగతి. ఇక్కడైనా స్కాన్, ల్యాబ్, ఆస్పత్రి ఖర్చుల లెక్క వేరు, మొదటి అపాయింట్‌మెంట్‌లోనే అడగండి. నెల తప్పిందని తెలిసిన వారంలోనే ఫోన్ చేయండి, సీట్లు తొందరగా నిండిపోతాయి. బీపీ, షుగర్, కవలలు, ఇంతకుముందు ఆపరేషన్ ఉంటే ఇల్లు అనే ముచ్చట మిడ్‌వైఫే తేలుస్తుంది, మీరు కాదు.

మిగతా అందరికీ ఒక పని. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ అమ్మను అడగండి, మీరు పుట్టినప్పుడు పురుడు పోసింది ఎవరని. పేరు తెలిస్తే వాయిస్ మెసేజ్‌లో ఊరి పేరుతో సహా పంపండి. వచ్చే ఎపిసోడ్ మొదట్లో ఆ పేర్లు చదువుతాను.